పోయినవాళ్ళలో రెబెకా

రెబెకా అని టైపు చేసి, బటన్ నొక్కేముందు సౌజన్య ప్రతిసారీ ఒక్క క్షణం కళ్ళు మూసుకునేది. దొరకకూడదని కోరుకుంటూ వెతకడం ఆమెకు ఇదే మొదటిసారి.

నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో ఆమె అసిస్టెంటు. లైబ్రరీ వెనక గదిలో జిల్లా ఎడిషన్ పాత పేపర్లు నెలలవారీగా బైండు చేసి పెట్టి ఉంటాయి. హిస్టరీ చెప్పే శ్యాంసుందర్ సారు వాటిలో వచ్చిన చావు ప్రకటనలన్నిటికీ సూచిక ఉండాలని పట్టుబట్టి, పిల్లలను కూర్చోబెట్టి కంప్యూటర్‌లో ఎక్కించాడు. పోయినవాళ్ళ పేరు, ఊరు, పేపరు తేదీ, పేజీ. అంతే. "తాతముత్తాతల సంగతి తెలుసుకోవాలంటే మనలాంటోళ్ళకు ఇదే దారి. మన ఇండ్లల్లో ఎవరు రాసిపెట్టినారు?" అనేవాడు. ప్రకటన కింద ఉండే కొడుకులు, కోడళ్ళు, అల్లుళ్ళ పేర్లు కూడా ఎక్కిద్దామా సార్ అని సౌజన్య అప్పట్లో అడిగింది. "అవి కూడా పెట్టుకుంటే నేను రిటైరైనా తేలదమ్మా, వదిలెయ్" అన్నాడాయన.

ఆ సూచికలో రెబెకాలు చాలామందే ఉన్నారు. సౌజన్యకు కావలసింది, అంటే ఉండకూడదని ఆమె కోరుకుంటున్నది, ఒక్క రెబెకానే. తన మేనత్త.

సౌజన్య నాయన యాకోబుకు తోబుట్టువు ఆమె ఒక్కతే. వాళ్ళ నాయన గాబ్రియేలు ఆళ్లగడ్డ పక్క పల్లెలో చర్చికి ఉపదేశి. పాస్టరు రాని ఆదివారాలు వాక్యం చెప్పడం, పిల్లలకు పాటలు నేర్పడం, పెండ్లికైనా చావుకైనా ముందు నిలబడడం ఆయన పని. కూతురు పసిబిడ్డగా ఉన్నప్పుడే ఆ చర్చిలోనే నెత్తిన నీళ్ళు పోయించి బాప్తిస్మం ఇప్పించినాడు. ఆ కూతురు పెరిగి పెద్దదై పెంతెకొస్తు సహవాసంలో చేరి, కుందూనదిలో మునిగి మళ్ళీ బాప్తిస్మం తీసుకుంది. తడి చీరతో ఇంటికొస్తే గాబ్రియేలు గడపలో అడ్డం నిలబడి, "నేను పోయించినవి నీళ్ళు కావా?" అని ఒకే మాట అడిగినాడు. ఆయన పక్కకు జరగలేదు. ఆమె అదే సహవాసంలో ఉన్న శాంసన్‌ను, బేతంచెర్ల బండల లారీ తోలేవాణ్ణి, చేసుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఆ ఇంట్లో ఆమె పేరెత్తినవాళ్ళు లేరు.

ఇప్పుడు యాకోబు ఎత్తినాడు. అది కూడా ఆస్పత్రిలో, డాక్టరు ముందర. గుండెకు పోయే రక్తనాళాలు మూసుకుపోయినాయి, ఆపరేషన్ తప్పదు, ఆలస్యం చేస్తే మా చేతుల్లో ఉండదు అని డాక్టరు చెబుతుంటే, యాకోబు తాను సంతకం పెట్టాల్సిన కాగితాన్ని పక్కకు నెట్టినాడు.

"అక్క ఉందో లేదో తేలకుండా నేను కత్తి కింద పండుకోను."

"తేలితే గుండె బాగవుతాదా నాయనా?" అంది సౌజన్య.

"బాగు కాదు. నేను ఆ బల్ల మీదనే పోయినాననుకో. పైన అమ్మ అడుగుతాది, అక్క యాడుందిరా అని. ఏమని చెప్పేది?"

సౌజన్య వాళ్ళమ్మ లూదియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పైనోళ్ళకు చెప్పేదానికి సిద్ధం చేసుకుంటాండాడు. కింద ఉండే మేము అడిగితే మాత్రం జవాబు లేదు" అంది. ఏడుస్తూనే తిట్టింది.

ఆపరేషన్ లేకుండానే ఆయన్ను ఇంటికి, ఆళ్లగడ్డకు తీసుకుపోయినారు. మెట్టు ఎక్కితే ఆయాసం, మాట ఎక్కువైతే ఆయాసం. సౌజన్య బేతంచెర్ల పోయి వచ్చింది. ఆ సహవాసం కూడుకునే షెడ్డు ఇప్పుడు పాలిషింగ్ యూనిట్ అయిపోయింది. శాంసనా? లారీ అమ్ముకుని ఎప్పుడో యాటికో పోయినాడన్నారు. ఉందో అనే దారి ఆడికి మూసుకుపోయింది. లేదో అనే దారి ఒకటే మిగిలింది. అది ఆమె పనిచేసే గదిలోనే ఉంది.

ఒక్కో రెబెకాను తీసి చూసింది. పేపరు బైండు దించడం, పేజీ తిప్పడం, ఫోటో కింద అక్షరాలు చదవడం. ఒకచోట "భర్త శాంసన్, బేతంచెర్ల" అని కనబడేసరికి స్టూలు మీద కూలబడింది. తర్వాత ఫోటో చూసింది. పాతికేళ్ళ టీచరమ్మ, కాన్పులో పోయింది. అత్త కాదు. సౌజన్య గట్టిగా ఊపిరి వదిలి, వెంటనే సిగ్గుపడింది. ఎవరి బిడ్డో పోతే తనకు సంతోషమేమిటి?

అంతలో నాయన ఫోను. "ఏమైంది పాపా?"

"లేదు నాయనా. ఇంకా చూస్తాండా."

"లేదంటే ఉన్నట్టా, దొరకలేదనా?"

చూసి చెప్తానని ఫోను పెట్టేసింది. పోయినవాళ్ళ పేర్లలో లేనంత మాత్రాన బతికున్నట్టు ఎట్లా అవుతుంది? పేపర్లో వేయించుకునే స్తోమత లేనివాళ్ళు ఎంతమంది పోలేదు? వాళ్ళ ఇంట్లోనే ఎవరికీ వేయలేదు.

కౌంటర్లో కూర్చునే వాణి ఇదంతా చూస్తూనే ఉంది. ఆ రోజు టీ గ్లాసు పట్టుకుని లోపలికొచ్చి, "ఎన్నిదినాలు ఇట్లా శవాల్లో వెతుకుతావ్? బతికుండేవాళ్ళు కూడా ఇవే ప్రకటనల్లో ఉంటారు కదా. కింద వరసలో" అంది.

"కింద వరస సూచికలో లేదక్కా. సారు వద్దన్నాడు."

"అందుకే చెబుతాండా. మీ అత్త పేరు కింద ఉండాలంటే పైన ఎవరి పేరుండాల?"

"మొగుడిది చూసినా. లేదు."

"అమ్మానాయనలవి?"

సౌజన్యకు నవ్వొచ్చింది. "తాత పోయినప్పటికి ఈ పేపర్లే లేవు. మా జేజి పోయింది నేను తొమ్మిదో తరగతిలో ఉండంగా. మేమే పూడ్చినాం. పేపర్లో వేసిందెప్పుడు? మా జేజి చావు మాకు తెలీదా, వెతికేదానికి?"

"తెలిసిందాన్ని ఎవరూ వెతకరు. కొట్టు చూద్దాం. చేతులేమన్నా అరిగిపోతాయా?"

వాణి నోరు మూయించడానికే సౌజన్య జేజి పేరు కొట్టింది. సువార్తమ్మ. ఒకటి వచ్చింది. ఊరు: జూపాడు బంగ్లా.

"చూసినావా, వేరే ఎవరో" అంది. కానీ తేదీ చూసి లేచింది. జేజి పోయిన వారమే.

బైండు దించబోయింది. వాణి సాయం పట్టింది. పేజీ మూలన చిన్న పెట్టెలో జేజి ఫోటో. ముసలి జేజి కాదు, సౌజన్య ఎన్నడూ చూడని నడివయసు మనిషి. ఎవరినో పక్కకు కత్తిరించేసిన ఫోటో అది. ఆమె భుజం మీద ఒక పిల్లవాడి చేయి మాత్రం మిగిలిపోయింది. కింద ఇట్లా ఉంది: ప్రభువునందు నిద్రించిన మా అమ్మ సువార్తమ్మ గారి ఆదరణ కూడిక, శనివారం ఉదయం పది గంటలకు, ప్రార్థనా మందిరం, జూపాడు బంగ్లా. కుమారుడు యాకోబు, కోడలు లూదియా, మనవరాలు సౌజన్య, కుమార్తె రెబెకా, అల్లుడు శాంసన్.

పోయినవాళ్ళ ఇంట్లోవాళ్ళను ఓదార్చడానికి పిలిచే కూడిక అది. కొడుకు పిలవాల్సింది. అందుకని కొడుకు పేరే ముందు పెట్టి, తన పేరు చివరికి నెట్టుకుంది రెబెకా.

సౌజన్య తన పేరును మళ్ళీ మళ్ళీ చదువుకుంది. ఆ పేరు వేయించిన అత్తను తానెప్పుడూ చూడలేదు.

సాయంత్రం ఆళ్లగడ్డ బస్సులో నిలబడే పోయింది. సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. ఫోన్‌లో తీసుకున్న ఫోటో నాయన ముందు పెట్టింది. ఆయన దూరంగా పట్టుకుని చూసి, ఆ భుజం మీది చేతిని వేలితో తాకినాడు.

"ఇది నేనే. ఆళ్లగడ్డ స్టూడియోలో తీసింది. నిలబడమంటే కదిలినానని నాయన కొట్టినాడు." ఫోను తిరిగిస్తూ, "ఈ పేపర్ మనూరికి వచ్చేదా?" అన్నాడు.

"టీ అంగడికి వచ్చేది నాయనా."

"అమ్మ పోయిన వారం నేను గడప దాటలేదు. ఊర్లో ఒక్కడన్నా చెప్పలేదే!"

"ఎందుకు చెప్తారు? నీ పేరు ముందుంది. నువ్వే వేయించినావని అనుకొనుంటారు."

యాకోబు గోడకు ఆనుకున్నాడు. లూదియా నీళ్ళు తెచ్చి ఇచ్చి, మెల్లగా అంది: "పాప పేరు ఆమెకెట్లా తెలిసిందా అని ఆలోచిస్తాండా. మీ అమ్మ నెలనెలా కండ్ల డాక్టరని నంద్యాల పోతాండె. పోయేనాటికి కూడా సూదిలో దారం ఎక్కించేది. కండ్లకు ఏం రోగముండె?"

"తొమ్మిదేండ్ల కిందటి మాట ఇది" అన్నాడు యాకోబు. "అప్పుడు ఉంది. ఇప్పుడో?"

నిజమే. సౌజన్యకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి జూపాడు బంగ్లా దారి పట్టింది.

ప్రార్థనా మందిరం ఎక్కడని అడిగితే చూపించినారు. దాని పక్క ఇంటి ముందర మిరపకాయల రాశి. ఒక పెద్దామె కూర్చుని తొడిమెలు తీస్తూ ఉంది. ముక్కు నాయనదే. సౌజన్యకు అడగకముందే తెలిసిపోయింది.

"ఎవురు పాపా? నీళ్ళు కావాల్నా?"

"రెబెకమ్మ..."

"నేనే. యాడ నుంచి?"

"ఆళ్లగడ్డ నుంచి. యాకోబు కూతుర్ని."

ఆమె చేతులు ఆగలేదు. "ఏ యాకోబు?"

"మీ తమ్ముడు."

"నాకు తమ్ముడు లేడు. ఉంటే వాళ్ళమ్మ కూడికకు వచ్చుండు." తొడిమె తీసి పారేసింది. "అమ్మ పోయిన మూడోనాడు బస్సులో ఎవరో అనుకుంటాంటే విన్నా. మట్టి కూడా వేయలేదు నేను. సరే, వాణ్ణి తప్పుబట్టలేదు. నేనే పేపర్లో వేయించినా, వాని పేరు ముందు పెట్టి. మనిషిని పంపితే రాడేమో, పేపర్లో పేరు పడితే సిగ్గుకన్నా వస్తాడని. వాడొచ్చేదాకా వాక్యం మొదలుపెట్టొద్దని పాస్టరయ్యను కూర్చోబెట్టినా. వండినదంతా చల్లారిపాయె. మధ్యాన్నం దాటిపాయె. వానికి ఇంకా మా నాయన పౌరుషమే."

"నాయన ఆ పేపరు నిన్నదాకా చూడలేదత్తా."

"ఏందీ? లోకమంతా చూసింది, వాడొక్కడే చూడలేదా?"

"లోకమంతా నాయనే వేయించినాడనుకున్నారు. నువ్వు ముందు పెట్టింది నాయన పేరే కదా. ఇంక ఎవరు చెప్తారు?"

అప్పుడు ఆగినాయి ఆమె చేతులు. కన్ను తుడుచుకోబోతుంటే సౌజన్య గబుక్కున మణికట్టు పట్టుకుంది. "చేతికి కారముంది అత్తా."

"ఉండనీలే" అంది గానీ, చేయి విడిపించుకోలేదు.

సౌజన్య ఆపరేషన్ సంగతి, నాయన మొండితనం అంతా చెప్పింది. రెబెకా వింటున్నంతసేపూ కోపం, భయం ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు ముఖం మారింది.

"చెప్పు వానికి. నేను ఉండా. చూసినావ్ గదా, చెప్పు. బేగా కోయించుకోమను. ఆ కూడికకు రాని బాకీ ఉంది వానికి. నడిచి నా గడప కాడికొచ్చి జవాబు చెప్పాల. మధ్యలో సచ్చి తప్పించుకుంటే నేనొప్పుకోను. నేను మాత్రం రాను. నేను పిలిస్తే రానోని కాడికి పిలవకుండా పోతానా?"

"ఫోన్‌లో మాట్లాడతావా అత్తా?"

"ఫోన్‌లో తిడితే ఏం సుఖం?"

ఇంటికొచ్చి సౌజన్య మాట మార్చకుండా అన్నీ అట్లాగే నాయనకు చెప్పింది. యాకోబు విని, "అట్లనే అనిందా? సచ్చి తప్పించుకుంటే అని?" అని రెండుసార్లు అడిగినాడు. తర్వాత లూదియా వైపు తిరిగి, "ఆ కాగితం యాడుంది? సంతకం యాడ పెట్టాలో చూపియ్యి" అన్నాడు.

ఆపరేషన్ నాడు నంద్యాల ఆస్పత్రి వసారాలో సౌజన్య ఒకచోట కూర్చోలేకపోయింది. తలుపు దాకా పోవడం, వెనక్కి రావడం. లూదియా పెదవులు కదుపుతూ ప్రార్థన చేస్తోంది. ఫోను మోగింది. జూపాడు బంగ్లాలో ఇచ్చి వచ్చిన నంబరు ఊరికే ఉండలేదు.

"అయిందా?"

"ఇంకా లోపలే ఉన్నాడత్తా."

"ఏం చేస్తాండారంట అంతసేపు?" టక్కున పెట్టేసింది.

మళ్ళీ మోగింది. మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. మూడోసారి మోగినప్పుడు అవతల మాట కంటే చప్పుడే ఎక్కువ వినబడింది.

"అత్తా, ఏందా రొద?"

"ఏం లేదులే."

"హారను వినబడుతాంది. యాడుండావ్?"

"వెలుగోడు దాటినా" అంది రెబెకా విసుగ్గా. "మీ మామ రానంటే వదిలేసి వచ్చినా. మీ నాయనకు మెలకువొస్తే నేనొచ్చినానని చెప్పొద్దు, నెత్తికెక్కుతాడు. ఆస్పత్రికి బస్టాండు కాణ్ణించి ఆటోనా, నడవొచ్చా?"

"ఆటో ఎక్కు అత్తా. పెద్దాస్పత్రి కాదు, దాని అవతల వీధి అని చెప్పు" అంటూ సౌజన్య నడుస్తూనే ఉంది, ఆ మూసిన తలుపు మీది నుంచి కళ్ళు తీయకుండా.