పెళ్లిచూపులూ, పట్టేసిన యాక్సిలూ

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. జమ్మలమడుగు దీవెనమ్మ ఆదివారం ఆరాధన తప్పించని మనిషి కాబట్టి అంత దూరం పోలేదు. మేనల్లుడి కోసం ఒకే ఒక్కటి ఆడింది. అయితే ఆ ఒక్కటీ బాగా బరువైనది చూసి ఆడింది.

మేనల్లుడు వినోద్ కుమార్ ప్రొద్దుటూరులో లెక్కల సార్. లెక్కలు తప్ప లోకంలో దేన్ని ముట్టుకున్నా ఏదో ఒకటి ఊడి చేతికొచ్చే రకం. ఇంట్లో బల్బు మార్చాలన్నా పక్కింటివాళ్లను కేకేస్తాడు.

అలాంటివాడికి ఎర్రగుంట్లలో జరిగిన టీచర్ల ట్రైనింగులో కీర్తన కనబడింది. పులివెందుల అమ్మాయి, సైన్సు టీచరు. మధ్యాహ్నం ప్రొజెక్టర్ ఆగిపోయి అందరూ కునుకుకు సిద్ధమవుతుంటే, ఆమె లేచి వెళ్లి వైరు పీకి, కొస గీకి, మళ్లీ దూర్చి, "ఇంగ చెప్పండి సార్" అని వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ఆ ట్రైనింగులో ఏం చెప్పారో వినోద్‌కు ఒక్క ముక్క గుర్తు లేదు. అంతవరకూ అత్త తెచ్చిన ప్రతి సంబంధానికీ ఏదో ఒక వంక పెట్టినవాడు, ఈసారి తానే జమ్మలమడుగు పోయి అత్త ముందు కూర్చున్నాడు. "చేసుకుంటే ఆ పిల్లనే అత్తా" అన్నాడు.

దీవెనమ్మ వాకబు చేసింది. పిల్ల తండ్రి ఫిలిప్ బస్సు డిపోలో ఫోర్‌మెన్‌గా చేసి రిటైరయ్యాడనీ, మిషన్లంటే పడి చస్తాడనీ పిల్ల తల్లే ఫోన్లో చెప్పింది. అది విన్నాక దీవెనమ్మ నోరు ఊరికే ఉంటుందా?

ఆ నోరు ఏం మాట్లాడిందో వినోద్‌కు తెలిసింది ముద్దనూరు దాటాక, పులివెందుల బస్సులో.

"మావోడు పేరుకే లెక్కల సారు, కారు ఇంజను దించి మళ్లా ఎక్కిస్తాడని చెప్పినా" అంది ఆమె, కిటికీలోంచి చీనీ తోటలు చూస్తూ.

"యాడ నేర్చుకున్నానంట?"

"పెండ్లయినాక నేర్చుకుందువులే. ఆయప్ప నిన్ను కాఫీ తాగమంటాడు గానీ, ఇంజను దించమంటాడా ఏంది?"

ఇంజను దించమనలేదు, నిజమే. వీళ్లు గేటు తీసేసరికి ఫిలిప్ బనియన్‌తో, మోచేతుల దాకా గ్రీజుతో పాత తెల్ల కారు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు చక్రం ఒకటి ఊడదీసి పక్కన పడేశాడు. కారు జాకీ మీదా రాళ్ల మీదా నిలబడి ఉంది.

"వందనాలు, రాండి రాండి" అన్నాడు లేస్తూ. "మిమ్మల్ని కార్లోనే బస్టాండుకు దింపుదామనుకుంటి. ఇది పొద్దున్నుంచి నా ప్రాణం తీస్తాండాది. మంచి టైముకు వచ్చినావప్పా. మీ అత్త చెప్పింది నీ సంగతి. ఒక చెయ్యి వెయ్యి."

అని సుత్తి అందించాడు.

వినోద్ అత్త వైపు చూశాడు. దీవెనమ్మ వరండా గోడకున్న బైబిలు వాక్యాల క్యాలెండర్‌ను, అలాంటిది పుట్టాక చూడనట్టు, తేదీ తేదీ చదువుకుంటోంది.

సంగతి ఇదీ. ఇంజను తిప్పే తిప్పుడును చక్రానికి చేరవేసే కడ్డీ యాక్సిల్. దాని కొసకు పళ్లుంటాయి. ఆ కొస, చక్రాన్ని బిగించే హబ్బులోకి దూరి, పళ్లలో పళ్లు పడి కూర్చుంటుంది. ఇన్నేళ్ల వానకూ దుమ్ముకూ ఆ రెండూ తుప్పుపట్టి ఒకటైపోయాయి. కొత్త యాక్సిల్ కాగితం కూడా విప్పకుండా అరుగు మీద సిద్ధంగా ఉంది. పాతది మాత్రం పుట్టిల్లు విడిచి రానంటోంది.

వినోద్ చొక్కా చేతులు మడిచి, హబ్బు ముందు కూర్చుని, డాక్టరు రోగిని చూసినట్టు అటూ ఇటూ చూశాడు. వేలితో తట్టాడు.

"శానా గట్టిగా పట్టింది మామా."

"నేనూ అదే అనుకుంటాండా."

"దీనికి ఓపిక కావల్ల."

"కావల్ల, కావల్ల."

దారిన పోయేవాళ్లు వింటే ఇద్దరు ఉద్దండులు కలిశారనుకునేవాళ్లు. వినోద్‌కు వీపు తడిసిపోయింది. ఫిలిప్ నుదుట కూడా చెమట ధారలు కడుతోంది గానీ, అది ఎండకు అనుకున్నాడు.

"కొడదామా మామా?"

"నీ ఇష్టమప్పా. పని తెలిసినోడివి."

"మీ అంతటోళ్ల ముందర నేనెంత? మీరే కొట్టండి."

"లేదు లేదు, నువ్వే కొట్టు."

మర్యాదలు ఇక సాగదీయడానికి వీల్లేకపోయింది. వినోద్ దేవుణ్ణి తలుచుకుని సుత్తి ఎత్తాడు.

"ఆగండి సార్."

కీర్తన పట్టుచీరలో కాఫీ గ్లాసుల పళ్లెంతో నిలబడి ఉంది. పళ్లెం కారు బానెట్టు మీద పెట్టింది. "ఉత్త కొస మీద కొడితే కొస చితికి ఉబ్బుతుంది. ఇంగ హబ్బులోంచి దూరనే దూరదు. నట్టు మళ్లా ఎక్కించి, కొసకు సమంగా నిలిపి కొడతారు గదా. మీకు తెలియనిదా?"

"అదే అదే" అన్నారు మామా కాబోయే అల్లుడూ ఒక్క గొంతుతో.

కిరసనాయిలు పోస్తే వదులవుతుందేమో, తెస్తానని ఫిలిప్ లోపలికి పోయాడు. పోవడంలో కొంచెం తొందర కూడా ఉంది.

"సార్, నిజం చెప్పండి" అంది కీర్తన. "ఇంతకు ముందు హబ్బు ఎప్పుడన్నా చూసినారా?"

"ఇదే మొదటిది" అన్నాడు వినోద్. ఆమె ముందు అబద్ధం నోటికి రాలేదు.

ఆమెకు నవ్వొచ్చింది. దాన్ని పెదవుల దగ్గరే ఆపుకుని, గొంతు తగ్గించింది. "మిమ్మల్ని ట్రైనింగులోనే చూసినా. మంచోళ్లనిపించి అమ్మతో సరే అన్నా. కానీ అబద్ధాలు మా ఇంట్లో ఉండేటివి చాలు, ఇంకోటి నేను మోయలేను." గ్లాసులు అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.

వినోద్ సుత్తి పట్టుకుని నిలబడిపోయాడు. నిజం చెబితే మామ గేటు చూపిస్తాడు. చెప్పకపోతే ఈ పిల్ల దక్కదు. రెండు వైపుల నుంచి ఎట్లా లెక్క వేసినా సున్నాయే వచ్చింది. భయమేసింది. ఇంత భయం పదో తరగతి రిజల్ట్స్ నాడు కూడా వేయలేదు. ఎటూ సున్నాయే వచ్చేటప్పుడు, ఆ సున్నానైనా ఆ పిల్ల కళ్లలో చిన్నబోకుండా తెచ్చుకుందామనుకున్నాడు.

ఫిలిప్ సీసాతో వచ్చాడు. వెనకాలే భార్య ప్రసన్నకుమారి, కీర్తన వరండాలోకి వచ్చారు.

"మామా, నాకు ఈ పని రాదు" అన్నాడు వినోద్. "ఇంజను సంగతి అట్ల పెట్టండి, టైరు మార్చేది కూడా రాదు. మా అత్త నా మీద ప్రేమకొద్దీ చెప్పింది. కీర్తన గారిని తప్ప ఇంకెవరినీ చేసుకోవాలని లేక, నేనూ నోరు మూసుకుని సుత్తి పట్టుకుంటి. మీ కారు పాడుచేయకముందే చెప్పల్లనిపించింది. పొమ్మంటే పోతాం."

దీవెనమ్మ కళ్లు మూసుకుంది. ప్రార్థన కోసమో, సిగ్గుకో దేవుడికే తెలియాలి. ఫిలిప్ సీసా కింద పెట్టాడు. భార్య వైపు ఒకసారి చూశాడు. ఊడదీసిన చక్రం మీద కూలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతుంటే, పెద్దమనిషిని ఏడిపించానే అనుకున్నాడు వినోద్.

ఆయన నవ్వుతున్నాడు.

"నాకూ రాదప్పా" అన్నాడు చివరికి, కళ్లు తుడుచుకుని ముఖమంతా గ్రీజు చేసుకుంటూ. "డిపోలో నేను గుమస్తాను. స్పానరు పట్టింది రిటైరైనాకనే. గుమస్తా అంటే ఎవరు ఖాతరు చేస్తారని మా ఇంటామె ఫోర్‌మెన్‌ను చేసె. బండి పని తెలిసినోడు వస్తాండాడంటే నాకు నిద్ర పట్టలే. నువ్వొచ్చేతలికి పనిలో ఉన్నట్టు కనపడల్లని పొద్దున్నే చక్రం పీకినా. మిగతాది నువ్వు పీకుతావులే అనుకుంటి."

వరండాలో దీవెనమ్మా ప్రసన్నకుమారీ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే వృత్తివాళ్లు సంతలో ఎదురుపడితే చూసుకున్నట్టే చూసుకున్నారు.

"కాఫీ చల్లారిపోతాండాది వదినా" అంది ప్రసన్నకుమారి.

"చల్లారినా రుచే వదినా" అంది దీవెనమ్మ.

"మెయిన్ రోడ్డులో మెకానిక్ అమీర్ బాషా అన్న, నిన్న కొత్త యాక్సిల్ కొన్నప్పుడే పుల్లర్ ఇస్తానన్నాడు" అంది కీర్తన. "ఫోర్‌మెన్ ఇంటికి అరువు పనిముట్టేందని నలుగురూ నవ్వుతారని అమ్మ వద్దనె."

"ఇంగ నవ్వేదానికి బయటోళ్లు ఎవరుండారమ్మా, మనమే సరిపోతాం. పోయి తీసుకరాపో" అన్నాడు ఫిలిప్.

పట్టుచీర కుచ్చిళ్లు దోపుకుని స్కూటీ మీద వెళ్లి తెచ్చింది. మూడు కాళ్ల ఇనప సామాను. కాళ్లు హబ్బును వెనకనుంచి పట్టుకుంటాయి, నడిమి బోల్టు బిగించేకొద్దీ యాక్సిల్ కొసను లోపలికి నెడుతుంది. అమీర్ బాషా చెప్పినదాన్ని ఆమె చెప్పింది, వీళ్లు చేశారు. బిగించమంటే బిగించారు. నూనె పోయమంటే పోశారు. బోల్టు తల మీద ఒక దెబ్బ వేయమంటే వేశారు. ఆగమంటే ఆగారు. అన్నిటికన్నా ఈ ఆగడమే కష్టమైంది. ఆగినప్పుడల్లా ఏదో ఒకటి మాట్లాడుకోవాల్సి వచ్చింది. డిపోలో చిల్లర గొడవలు ఫిలిప్ చెప్పాడు, పరీక్ష పేపర్లలో పిల్లలు రాసే చోద్యాలు వినోద్ చెప్పాడు. ఈ సంబంధం ఎక్కడైనా కుదిరిందంటే అక్కడ కుదిరింది. కానీ పిల్ల నోట మాట రావాలి కదా, వినోద్ ప్రాణం దాని మీదే ఉంది.

ఇద్దరూ పొడుగు పైపు వేసి మళ్లీ బలంగా బిగించారు. ఠప్‌మని తుపాకీ పేలినట్టయింది. పక్కింటి కోళ్లు గోడెక్కాయి. మామ మీద అల్లుడూ, అల్లుడి మీద కిరసనాయిలు సీసా పడ్డాయి. లేచి చూస్తే యాక్సిల్ హబ్బులోంచి వేలెడు లోపలికి జారి, చెప్పినమాట వినే పిల్లాడిలా వేలాడుతోంది. వినోద్‌కు జీవితంలో ఏదీ ఊడినందుకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

దీవెనమ్మ స్తోత్రం చెప్పి, గొంతు సవరించుకుని, అసలు సంగతికి వచ్చింది. "పిల్లోడిని చూసినారు గదా, లోపలా బయటా. మీ మాటేంది?"

"నాదేముంది, పిల్ల మాటే మాట" అన్నాడు ఫిలిప్. "ఏమ్మా, ఏమంటావు?"

కీర్తన అక్కడ లేదు. కారుకు అవతలి వైపు వంగి, రెండో చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపి చూస్తోంది. లేచి చేతులు దులుపుకుంది.

"ఈ పక్కదీ అరిగింది నాయనా" అంది, వినోద్ వైపు చూడకుండా. "వచ్చే ఆదివారం ఆరాధన అయినాక సారును రమ్మను. పాత చొక్కా వేసుకుని రమ్మను."