గడియ పడే గది

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకి ఆమె పాత తాళాన్ని తీసేసింది. తీసేసి, తిరిగే కుర్చీలో కూర్చునే గిర్రున ఒక చుట్టు తిరిగింది. చూసేవాళ్ళెవరూ లేరు కదా అని ఇంకో చుట్టు కూడా తిరిగింది. పెళ్ళయి నలభై రోజులే. ఆ వేడిమీద ఆమెకి మిషన్ల గది కూడా ముద్దొస్తోంది. వరసగా మిణుకుమనే ఆకుపచ్చ దీపాలు, చల్లటి గాలి, తుమ్మెద రొదలాంటి హోరు, అన్నీ తన పెళ్ళికే ఏర్పాటు చేసినట్టున్నాయి.

అది మందుల గోదాము కింద, నేలమాళిగలో ఉన్న గది. గోదాములో పనులన్నీ చూసిపెట్టే కృత్రిమ మేధ సహాయకుడు ఒకడున్నాడు. వాణ్ణి అందరూ గుమస్తా అంటారు. ఏ మందు ఏ అరలో ఉందో, ఏ లారీ ఎప్పుడొస్తుందో వాణ్ణే అడగాలి. లైట్లూ, తలుపులూ కూడా వాడి చేతిలోనే. కానీ వాడు సర్వర్లను తాకడానికి ఇన్నాళ్ళూ ఒకటే పాస్‌వర్డు. పెద్ద మేనేజరు నుంచి అట్టపెట్టెలు కట్టేవాళ్ళ దాకా అందరికీ అదే. ఊరందరికీ ఒకే తాళంచెవి అన్నమాట. ఆమధ్య ఎవరో గుమస్తాకి చెప్పి చల్లగది ఆపించేస్తే వంద పెట్టెల మందు పారబోశారు. చేసిందెవరో ఇప్పటికీ తేలలేదు.

అందుకే ఆ పాత తాళం తీసేసి కొత్తది పెట్టే పని ఆమెకి అప్పజెప్పారు. ఇకమీదట ఎవరి పేరుమీద అడుగుతున్నాడో గుమస్తా చూపించాలి. మనిషి తన పేరు కొడితే ఫోనుకి "మీరేనా?" అని కబురొస్తుంది; ఫోను తెరవకుండానే జవాబు నొక్కొచ్చు. "అవును" అని నొక్కితే చాలు, ఆ ఒక్క నొక్కుతో ఎనిమిది గంటలపాటు అన్ని సర్వర్లూ పలుకుతాయి. "నేను కాదు" అని అయిదుసార్లు నొక్కితే మాత్రం మర్నాటిదాకా ఆ పేరుకి తలుపులు మూతే.

బ్యాగు భుజాన వేసుకుని తలుపు దగ్గరికి నడిచింది.

"గుమస్తా, తలుపు తియ్యి."

"మీరెవరో చెప్పండి," అన్నాడు గుమస్తా గోడమీది స్పీకరులోంచి, మహా మర్యాదగా.

"ఓరి నీ అసాధ్యం కూలా! పొద్దున నేను రమ్మంటేనే కదా తీశావ్!"

"అది పాత పద్ధతి. మీరెవరో చెప్పండి."

ఆమె నాలిక్కరుచుకుంది. ముందు కొత్త పద్ధతిలో తాను లోపలికెళ్ళి, ఆ తర్వాత పాతది తీసెయ్యాలి. సంబరంలో వరస తారుమారు చేసింది. కూర్చున్న కొమ్మని నరుక్కోవడమంటే ఇదే. సరేలెమ్మని మిషను ముందుకొచ్చి పేరు కొట్టింది. జేబులో ఫోను మోగలేదు. తెరమీద మాత్రం పడింది: "మీరు కాదన్నారు."

మళ్ళీ కొట్టింది. కాదన్నారు. ఇంకోసారి. కాదన్నారు.

అప్పుడు ఫోను బయటికి తీసి చూసింది. అదే రంగు, అదే తొడుగు, తెరమీద అదే పెళ్ళిఫోటో. వేలు పెడితే మాత్రం తెరుచుకోలేదు. ముచ్చటపడి మొగుడూ పెళ్ళాం ఒకేలాంటివి కొనుక్కున్నారు. పొద్దున హడావుడిలో ఆయనది ఈమె తెచ్చుకుంది. ఈమెది ఆయన జేబులో, బస్సులో పోతోంది. పైగా ఆ మందపాటి గోడల మధ్య ఆయన ఫోనుకి సిగ్నల్ పొడ కూడా లేదు.

తలుపుకి లోపలివైపు పిడి ఉండాల్సిన చోట రెండు బెజ్జాలూ, "రిపేరు" అని రాసిన కాగితమూ ఉన్నాయి. ఊడి మూడు వారాలైంది. తలుపు మీద దబదబా బాదింది. సన్నటి గాజు పలకలోంచి ఖాళీ నడవా కనబడింది, అంతే. పైన గేటు దగ్గర వాచ్‌మన్ రేడియో ఏదో ఆట గురించి గొంతు చించుకుంటోంది. దాని ముందు ఈమె గొంతెంత? పాత తాళం తిరిగి పెట్టాలన్నా, ఎవరికైనా ఉత్తరం పంపాలన్నా ముందు ఆ మిషను "మీరేనా?" అంటుంది. తాను కట్టిన గోడ చుట్టూ తిరిగి చూసుకుంది. ఒక్క పగులు లేదు. అంత బాగా ఎందుకు కట్టానా అని ఏడుపొచ్చింది.

నాలుగు గంటలకి ఇల్లు చూడాలి, ఆయన బస్సెక్కిందీ అందుకే. చూడటమేమిటి, ఖాయం చేసుకోవాలి. ఇంటావిడ కచ్చితంగా చెప్పింది, "మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కనబడాలి. నాలుగింటికి మీరు రాకపోతే తర్వాతి వాళ్ళకి ఇచ్చేస్తా" అని. ఒక గది, ఒక వంటిల్లు, తూర్పుకి కిటికీ, అన్నిటికన్నా ముఖ్యంగా, లోపలినుంచి గడియ పడే తలుపు. ఇప్పుడుంటున్నది వదినగారింట్లో, అంటే ఆయన అక్క ఇంట్లో. వాళ్ళకిచ్చిన గదికి గడియ లేదు, ఇస్త్రీ బల్ల ఉంది. వేళాపాళా లేకుండా వదిన దుప్పట్లు చంకన పెట్టుకొచ్చి, "మీ పాటికి మీరుండండర్రా, నా పాటికి నేను ఇస్త్రీ చేసుకుంటా" అంటుంది. అక్కడ మూసుకోని తలుపు, ఇక్కడ తెరుచుకోని తలుపు. రెంటికీ మధ్య ఇదేం జన్మ అనుకుంది.

ఆయన "నేను కాదు" అని నొక్కుతున్నాడంటే తప్పు ఆయనది కాదు. ఆయన పనిచేసే కళ్ళద్దాల షాపులో కూడా ఇలాంటి కబుర్లే వస్తాయి. పెళ్ళయిన మూడో రోజే ఆమె పాఠం చెప్పింది.

"నువ్వు పేరు కొట్టకుండా ఏ కబురొచ్చినా 'నేను కాదు' అని నొక్కు."

"సరే పోలీసమ్మా."

"'నేనే, నీ పెళ్ళాన్ని, ఆపదలో ఉన్నా' అని వచ్చినా సరే. దొంగలు అచ్చం అలాగే మాట్లాడతారు."

"నిజంగా నువ్వే అయితేనో?"

"అయినా సరే!"

ఇంకా రెండు అవకాశాలున్నాయి. ఆమె చల్లబడ్డ చేతులు చంకల్లో దూర్చుకుని ఆలోచించింది. ఫోనుకి వెళ్ళే కబురులో "ఫలానా సహాయకుడు మీ పేరుతో రావాలనుకుంటున్నాడు, మీరేనా?" అని ఉంటుంది. ఆ ఫలానా పేరు, సహాయకుడు తనకు తాను చెప్పుకునేదే. పెద్దసారు మొన్ననే మందలించారు, "ఎవడేం పేరు చెప్పుకుంటే అదే చూపిస్తావా అమ్మాయ్? ఆ కన్నం పూడ్చు" అని. సోమవారం పూడుస్తానంది. ఆ బద్ధకానికి ఇప్పుడు దణ్ణం పెట్టుకుంది. ఆ పేరు రాసిన కాగితంలాంటి ఫైలు ఈ మిషనులోనే ఉంది, దానికి తాళం లేదు.

గుమస్తా పేరు చెరిపేసి ఇలా రాసింది: "నేనే, మీ ఆవిణ్ణి. లోపల ఇరుక్కున్నా." పంపింది.

"మీరు కాదన్నారు."

"ఓరి నా మొగుడా!" అని అరిచి, వెంటనే నవ్వేసింది. పాఠం ఒంటబట్టింది మరి. క్లాసులో మొదటి ర్యాంకు ఇవ్వొచ్చు. నవ్వు ఆగాక గది మరీ చిన్నదైపోయినట్టనిపించింది. మిగిలింది ఒక్కటి. అదీ పోతే రేపు పొద్దున ఎవరో వచ్చేదాకా ఈ హోరులోనే, ఈ చలిలోనే. కిటికీ ఉన్న ఇల్లు వేరేవాళ్ళది.

దొంగకి కావలసిందేమిటి? "అవును" అన్న మాట. ఆ మాట కోసం ఏడుస్తాడు, బతిమాలతాడు, బెదిరిస్తాడు. కానీ నువ్వు లేచి నా దగ్గరికి రమ్మని ఏ దొంగా అడగడు.

గడ్డకట్టిన వేళ్ళతో రాసింది: "ఏదీ నొక్కకు. మా ఆఫీసుకి రా. ఈ ఫోను నాది."

పంపి, కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి "సమాధానం కోసం చూస్తున్నాం" అనే ఉంది. నిమిషం గడిచింది. "సమాధానం రాలేదు" అని పడింది. కాదనలేదు. అర్థమై ఊరుకున్నాడో, బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోయాడో! ఆయన ఆ రెండోదానిలో కూడా మొదటి ర్యాంకే. రెండు గంటల యాభై. ఆమె నేలమీద, తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. మిణుకుమనే దీపాలు లెక్కపెట్టింది. ఇందాక అంత ముద్దొచ్చిన ఆకుపచ్చ ఇప్పుడు కళ్ళలో గుచ్చుకుంది. మూడయింది. మూడుంపావు అయింది. ఒకసారి లేచి తలుపుని తన్నింది. కాలు నొప్పెట్టింది, తలుపు ఊరుకుంది.

మూడు ముప్పై అయిదుకి గాజు మీద టకటక.

అవతల ఆయన. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. వెనక వాచ్‌మన్ నోరు వెళ్ళబెట్టుకుని నిలబడ్డాడు.

"దొంగవా?" అని అరిచాడు ఆయన.

"నీ పెళ్ళాన్నయ్యా!"

"దొంగలు అచ్చం అలాగే అంటారట. మా ఆవిడ చెప్పింది."

"చంపేస్తా! ఇప్పుడొకటొస్తుంది, 'అవును' అని నొక్కు!"

"మొన్న నొక్కొద్దన్నావ్, ఇందాక ఏదీ నొక్కొద్దన్నావ్, ఇప్పుడు నొక్కమంటున్నావ్. మాటమీద నిలబడవా?"

కబురు పంపింది. నడవాలో సిగ్నల్ ఉంది. ఆయన నొక్కాడు. స్పీకరులోంచి గుమస్తా, "నమస్కారం, ఇప్పుడు తెలిసింది మీరెవరో," అని తలుపు తీశాడు. ఆయన గుమ్మంలో కాలు అడ్డంపెట్టి, మంచుముక్కల్లా ఉన్న ఆమె చేతులు తన అరచేతుల్లోకి తీసుకున్నాడు. వాచ్‌మన్ మొహం తిప్పుకుని, "ఆట చివరికొచ్చిందమ్మా," అంటూ మెట్లెక్కిపోయాడు.

"ఇంటావిడకి చెప్పావా?"

"నీ ఫోను నాకు తెరుచుకోలేదు, పక్కసీటాయన ఫోనడిగి చేశా. చీటీలో నంబరుందిగా. 'మా ఆవిడ గదిలో ఇరుక్కుంది, ఒక్క గంట ఆగండి' అన్నా. 'ఇష్టం లేకపోతే లేదని చెప్పు నాయనా, కథలెందుకు' అని పెట్టేసింది. ఇక్కడికొచ్చాక వాచ్‌మన్ ఫోనుతో మళ్ళీ చేశా. తర్వాతివాళ్ళు తొందరగా వచ్చారట. ఇచ్చేసింది."

తూర్పు కిటికీ, వంటిల్లు, గడియ ఒక్కొక్కటే ఆమె కళ్ళముందు ఆరిపోయాయి.

"పద, ఇంటికి," అన్నాడాయన మెల్లగా. "అక్క ఇస్త్రీకి లేచే వేళయింది."

"ఒక్క పావుగంట ఆగు. ఈ కన్నం పూడ్చాలి."

"ఇప్పుడా? దానివల్లే కదా బయటపడ్డావ్!"

"నువ్వు కాబట్టి నాలుగుసార్లు కాదన్నావ్. రేపెవడో 'నేను పెద్దసారుని' అని పేరు పెట్టుకుంటే మావాళ్ళు చదవకుండా నొక్కేస్తారు."

ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె మిషను ముందు కూర్చుని, ఆఫీసువాళ్ళు రాసిపెట్టిన పేర్లు తప్ప ఇంకేదీ కబురులో కనబడకుండా చేసి, రెండుసార్లు పరీక్షించి, "అయింది" అంది.

"కాలు తిమ్మిరెక్కింది తల్లీ," అంటూ ఆయన లోపలికి ఒక అడుగు వేశాడు. వెనకాల తలుపు మెల్లగా వచ్చి, టక్కున పడింది.

ఇద్దరూ తలుపు వంక చూశారు. పైనుంచి అలికిడి లేదు. దుప్పట్లు చంకన పెట్టుకుని వచ్చేవాళ్ళు లేరు. చల్లటి గాలి, తుమ్మెద రొద, వరసగా ఆకుపచ్చ దీపాలు.

"తలుపు తెరవమంటారా?" అన్నాడు గుమస్తా.

ఆమె నోరు తెరవబోయింది. ఆయన గబుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డంపెట్టాడు.

"మీ సమాధానం రాలేదు," అన్నాడు గుమస్తా.

"వస్తుందిలే," అంది ఆమె ఆ వేళ్ళ సందులోంచి. "ఎనిమిది గంటల టైముంది కదా."