నలిగిన కాగితం మీద అమ్మ చేతులు

నేను బొమ్మలు గీసుకునే ఒక దళసరి కాగితాన్ని. పాత నూలుగుడ్డల గుజ్జుతో నన్ను చేసినవాళ్లు ఒంటిమీద చిన్న మడత కూడా పడనివ్వలేదు. ఆ నునుపు చూసుకుని మురిసిపోతుండగానే పలాసలో డ్రాయింగ్ టీచరుగా పనిచేసే హైమావతి నన్ను కొని ఇంటికి తెచ్చింది.

ఆమె తల్లి నరసమ్మ వయసంతా జీడిపిక్కలు కొట్టింది. పెంకులోంచి కారే జీడి రసం తగిలి తగిలి అరచేతులు నల్లగా మాడి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. నలుగురిలోకి వెళితే వాటిని కొంగు కింద దాచుకునేది. విశాఖపట్నంలో జరగబోయే ప్రదర్శనకు ఆ చేతులే గీయాలని కూతురి పట్టుదల. ఎంతో బతిమాలాక తల్లి ఒప్పుకుంది.

హైమావతి మొదట నాతోపాటు వచ్చిన మరో కాగితం మీద గీసింది. నరసమ్మ చూసి నవ్వేసింది.

"ఇవి నా సేతులేటే? ఎవరో జమీందారమ్మ సేతుల్లాగున్నాయి."

నున్నటి కాగితం మీద ఆ చేతులు రావని హైమావతికి అర్థమైంది. మర్నాడు నన్ను తీసి ఉండలా నలిపింది. టీ డికాక్షన్‌లో నానబెట్టింది. ఎండలో ఆరేసి, గరుకు కాగితంతో పొర లేచేదాకా రుద్దింది.

"మంచి కాయితాన్ని అలగ పాడుసేస్తన్నావేటే! మతిపోనాదా?" నరసమ్మ లబలబలాడింది. ఇక నా బతుకు చెత్తబుట్ట పాలేనని నేనూ అనుకున్నాను.

అప్పుడు హైమావతి బొగ్గు పట్టింది. ఆ నలుపు నా మడతల్లోకి దిగి, ఆమె గీయని గీతలు కూడా తేలాయి. నా ఒళ్లు చిట్లిన చోటల్లా నరసమ్మ వేళ్లకు చర్మం వచ్చింది. మనిషి చేతిలో ఇంత విద్య ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

నరసమ్మ చాలాసేపు చూసింది. తన చెయ్యి తెచ్చి నా పక్కన ఆనించింది.

"ఇయ్యి నాయే. కానీ నలుగురికీ సూపించకే, సిగ్గు."

"సిగ్గుపడాల్సింది నువ్వు కాదమ్మా."

తల్లి చేతులు మళ్లీ కొంగు కింద పెట్టుకుంది. ప్రదర్శనకు మాత్రం వచ్చింది.

అక్కడ పెద్దమనుషులు నా ముందు నిలబడి, ఈ కాగితం జపాను నుంచి వచ్చిందా, ఇటలీ నుంచా అని వాదించుకున్నారు. ఒక కాలేజీ అమ్మాయి మాత్రం కాగితం సంగతి ఎత్తలేదు.

"ఎవరివండీ ఈ చేతులు?"

హైమావతి నోరు తెరిచేలోపే నరసమ్మ ముందుకొచ్చింది.

"నాయే తల్లీ," అంటూ కొంగు తీసి చూపించింది.

ఆ అమ్మాయి వాటిని తన చేతుల్లోకి తీసుకుంది. నరసమ్మ వెనక్కి లాక్కోలేదు.