కొర్రగింజంత కేంద్రకం

సురేకారంలో నేను ఉప్పు కలిపాను. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది.

రెండూ తెల్లగా, పలుకులుగా ఉంటాయి. గూడెం కొత్తవీధి సంతలో పైకి నేను అమ్మేది ఉప్పు, ఉల్లిపాయలు, ఎండుచేపలు. సంచుల అడుగున నాటు తుపాకుల మందుకి కావలసిన సురేకారం, గంధకం ఉండేవి. దొంగసరుకు కాబట్టి బాగాలేదని ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. ఫిర్యాదు లేని సరుకులో కల్తీ చెయ్యని వ్యాపారిని నేను ఇంతవరకు చూడలేదు. తుపాకి పేలకపోతే ఓ దుప్పి బతుకుతుంది, అంతకన్నా నష్టం ఏముంటుందని నా లెక్క.

అది 1999. నా కొట్టు వెనక గదిలో విశ్వాసం మాస్టారు అద్దెకుండేవారు. ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెప్పేవారు, ఆదివారం ప్రార్థనకి పొరుగూరు నడిచి వెళ్ళేవారు. కిందటేడు ఎడారిలో అణుబాంబులు పరీక్షించారని పేపర్లో చదివినప్పటి నుంచి నాకొక సందేహం. కంటికి కనిపించని దానిలో అంత బలం ఎక్కడిదని ఒకరోజు ఆయన్ని అడిగాను.

"ఒక పరమాణువుని మన సంత మైదానమంత పెద్దది చేశామనుకోండి, గణపతిరావుగారూ. నడిమధ్యన కొర్రగింజంత కేంద్రకం. బరువంతా దానిలోనే. అంచుల్లో ఎలక్ట్రాన్లు తిరుగుతుంటాయి. మిగిలిన మైదానమంతా ఖాళీ."

"అయితే నేను కాటాలో వేసి తూచేదంతా ఖాళీయేనా?"

"మీరు తూచేదానిలో ఖాళీ ఎక్కువని కొండమీద అందరూ అంటూనే ఉన్నారు లెండి."

ఆయన నవ్వి మళ్ళీ చెప్పారు. పెద్ద కేంద్రకాల్లో ఒకదాన్నొకటి తోసుకునేవే ఇరుక్కుని ఉంటాయట. బయటినుంచి ఒక తునక వచ్చి తగిలితే పగుల్తుంది. పగిలినప్పుడు రెండు మూడు తునకలు లేచి పక్కవాటికి తగుల్తాయి. అవి పగిలి మరికొన్నిటిని పగలగొడతాయి. అంతా రెప్పపాటు పని.

"మరి ఆపేదెలా?"

"ఎగిరే తునకల్ని మింగేది ఏదైనా మధ్యలోకి దించాలి. కరెంటు తయారుచేసే చోట అలాగే ఆపుతారు. మనుషులూ అంతేనండి. మాట, మర్యాద, భక్తి అంచున తిరిగేవి, ఇట్టే ఊడిపోతాయి. ఆత్మ నడుమనున్న గింజ. దాని బరువెంతో మామూలు రోజుల్లో ఎవరికీ తెలీదు."

నాకు నచ్చింది. బరువు సంగతి కదా.

ఆ చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. పండగకి మగవాళ్ళంతా తుపాకులు దేవుడి ముందు పెట్టి పూజచేసి, కట్టకట్టుకుని వేటకి వెళతారు. జంతువుని కొట్టి తెస్తే ఊరంతా వాటాలు. ఒట్టిచేతులతో వస్తే ఊరి మొదట్లోనే ఆడవాళ్ళు పేడనీళ్ళు కొట్టి, నోటికొచ్చిన బూతులు తిడతారు. కోపం తెచ్చుకోకూడదు, అది ఆచారం. అయినా మగవాడికి ఆ పేడ పండగ దాటినా వదలదు.

పిప్పళ్ళు, చింతపండు కొనడానికి నేను జీపులో పాలగెడ్డ వెళ్ళాను. పరీక్షలు ఎగ్గొట్టి పండక్కి పారిపోయిన పిల్లల్ని తెచ్చుకుందామని మాస్టారు కూడా ఎక్కారు. మేం వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. ఊరి మొదట్లో దారికడ్డంగా వెదురుబొంగు కట్టి, ఆడవాళ్ళు పాడుతూ నిలబడ్డారు. అందరికన్నా ముందు గంగ. ధర్మ అనే కుర్రాడి పెళ్ళాం, పెళ్ళయి ఏడాది.

"ఏటి సావుకారూ, పండగ డబ్బులియ్యకుండా బేగి జారిపోదారనే?"

"నీ మొగుణ్ణి దుప్పిని తెమ్మను. వాటా పెడితే డబ్బులిస్తాను."

"మా ఆడు తెచ్చీదేటి. మూడు దినాలయింది ఎల్లి, కుందేలు సెవి కూడా రానేదు. పేడ కలిపి ఉంచినాం. నీకూ ఓ సెంబు మిగుల్తాది, ఉండిపో."

మాస్టారితో సహా అందరూ నవ్వారు. అంతలో చెట్ల సందున మగవాళ్ళు దిగుతూ కనిపించారు. పాటలేదు, డప్పులేదు. ఒట్టిచేతులని ఆడవాళ్ళకి అర్థమైంది. గంగ చెంబు ముంచి పరిగెత్తి, ముందు నడుస్తున్నవాడి మీదికి విసిరింది. వాడు మంగ్లు, ధర్మ అన్న. అతను పక్కకి తప్పుకోలేదు, ఎందుకంటే భుజంమీద బొంగు ఉంది. బొంగుకి దుప్పటి కట్టి ఉంది. పేడనీళ్ళు దుప్పటిలోకి పడ్డాయి.

దుప్పటిలో ధర్మ. దవడ లేదు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. నెత్తురు ఎండి నల్లబడ్డ చోట పేడనీళ్ళు పచ్చగా కారాయి. గంగ చేతిలో చెంబు ఇంకా అలాగే ఉంది.

జరిగింది మంగ్లు చెప్పాడు. మూడు రోజులూ తుపాకులన్నీ తుస్సుమన్నాయి. ధర్మకి కణుజు, పెద్ద కొమ్ముల దుప్పి, ఎదురైంది. కాలిస్తే పొగ వచ్చింది, గుండు కదల్లేదు. మందు చాల్లేదనుకుని గొట్టంలో ఇంకో మోతాదు కూరి మళ్ళీ కాల్చాడు. రెండూ ఒక్కసారి అంటుకుని గొట్టం అతని మొహంమీదే చీలింది.

ఉప్పు తడిని పీలుస్తుంది. తడిసిన మందు సగమే కాలుతుంది. వింటుంటేనే నాకు లెక్క తేలిపోయింది.

ముహూర్తాలు పెట్టే దిసారి, శవం దగ్గర బియ్యం చల్లి చూసి, "మంతరమేసి తుపాకులు ఎవురో కట్టీసినారు" అన్నాడు. పేరు చెప్పలేదు. పేరు చెప్పింది గుంపులో ఎవరో: "సుక్రు తుపాకి పూజలో పెట్టనేదు." ఇంకొకడు: "ఏటకీ రానేదు." మూడోవాడు: "పనసచెట్టు కాడ ధర్మతో తగూ పడ్డాడు." ఒక్కొక్క మాటకీ ఇద్దరు ముగ్గురు అంటుకున్నారు. నేను నలభై దాకా లెక్కపెట్టాను, ఆ తర్వాత లెక్కకి అందలేదు.

సుక్రు అరవై దాటిన ముసలివాడు. మోకాలు వాచి వేటకి వెళ్ళలేదు. ఇంటి ముందు చీపుళ్ళు కట్టుకుంటున్నవాణ్ణి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. చిల్లంగి చేసేవాడని తేలితే ముందు పళ్ళు రాలగొడతారు. పళ్ళు లేకపోతే మంత్రం పలకదని నమ్మకం. ఇద్దరు అతని భుజాలమీద కూర్చున్నారు. ఒకడు నోట్లో కర్ర అడ్డం పెట్టాడు. మంగ్లు నూరుడు రాయి తెచ్చాడు.

మొదటి దెబ్బకి మాస్టారు ఉరికారు. చేతులు చాపి సుక్రుమీద అడ్డంగా పడ్డారు. "నన్ను కొట్టండిరా. కోపం తీరేదాకా నన్ను కొట్టండి," అన్నారు. ఎగిరేవాటిని మింగేది ఒకటి మధ్యలోకి దిగాలని ఆయనే కదా చెప్పారు. కొట్టారు. తుపాకి మడమతో తలమీద రెండు, డొక్కలో ఒకటి. చెవిలోంచి నెత్తురు వచ్చింది. ఇద్దరు కాళ్ళు పట్టుకుని పక్కకి లాగి పడేశారు. ఒక్క మనిషి మింగగలిగినంత ఆయన మింగారు. అక్కడ నూరుమంది ఉన్నారు.

జీపు తాళం నా చేతిలోనే ఉంది. వెళ్ళిపోవచ్చు. రెండో పన్ను, మూడో పన్ను. సుక్రు నెత్తురు మింగుతూ, "మంగ్లూ, నీకు ఏట నేర్పినోణ్ణిరా నాను" అన్నాడు. నాలుగోది విరిగి దవడలోనే ఉండిపోయింది. రాయి ఇంకోసారి లేచింది.

"అతను కాదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మందు చెడ్డది. సురేకారంలో ఉప్పు కలిపాను. నా సరుకు అది."

మంగ్లు రాయి దించి నా వైపు చూశాడు. తర్వాత జరిగింది నేను ఏ లెక్కలోనూ వేసుకోనిది. వాళ్ళకి నవ్వు వచ్చింది.

"ఏ సావుకారైనా తన సరుకు సెడ్డదన్నాడేటి?" అన్నాడు దిసారి. "ఇరవై ఏళ్ళయింది ఈడు సంతకొచ్చి. పుచ్చు పెసలు కూడా బంగారమనే అమ్మినాడు. ఈడి నోరు కూడా సుక్రుగాడే కట్టీసినాడు. సూడండి, మన కల్లముందే సేత్తన్నాడు."

జనం గొల్లుమన్నారు. అది సుక్రుకి మరో సాక్ష్యమైంది. నా జీవితమంతా ఆడిన అబద్ధాలు వరసగా వచ్చి ఆ ముసలివాడి గుండెమీద కూర్చున్నాయి.

నేను ధర్మ నడుముకి వేలాడుతున్న మందుకొమ్ము లాగి, గంగ ముందు పెట్టాను. "నాలికమీద వేసి చూడమ్మా. వంట చేసే దానివి, నీకు తెలుస్తుంది."

ఆమె వేలు తడి చేసుకుని అద్ది నాలికమీద పెట్టుకుంది. చాలాసేపు పెట్టుకుంది.

"ఉప్పు," అంది.

రాయి మంగ్లు చేతిలోంచి కిందపడింది. ఆ క్షణాన అంతా ఆగిపోయిందనే అనుకున్నాను. కాని మంగ్లు సుక్రు నోటివంక చూశాడు. మాస్టారి చెవివంక చూశాడు. తను చేసిన పని ఇప్పుడతనికి కనిపిస్తోంది. పక్కవాడి చేతిలోని టంగి, కొండవాళ్ళ గొడ్డలి, తీసుకుని నా దగ్గరికొచ్చాడు.

"మా తమ్ముడికి ఒక పేణం కావాల. తప్పు నీదైతే ఈ దెబ్బ నీది. ఆడిదైతే ఆడిది. ఇంకోపాలి సెప్పు సావుకారూ. నీ మందు మంచిదా, సెడ్డదా?"

టంగి అంచు నా మెడ పక్కన ఆనింది. చల్లగా ఉంది. సుక్రు ఒక కన్నుతో నన్నే చూస్తున్నాడు. మాస్టారు నేలమీదనుంచి తల ఎత్తబోయి ఎత్తలేకపోయారు. నా మాట, నా మర్యాద, ఇందాకటి ధైర్యం అంచుల్లోంచి ఒక్కొక్కటే లేచిపోవడం నాకు తెలిసింది. లోపల ఒకటే మిగిలింది. చాలా చిన్నది, చాలా బరువైనది. ఎంత తోసినా అది కదల్లేదు. దానికి బతకాలని తప్ప ఏమీ తెలీదు.

"మంచిదే," అన్నాను.

సుక్రుకి మూడు దెబ్బలు పట్టాయి. మోకాలు బాగాలేని మనిషి కాబట్టి లేవలేదు. మొదటి దెబ్బకి మెడ సగమే తెగింది. రెండో దెబ్బ భుజంమీద పడింది. చీపుళ్ళకి తెచ్చుకున్న పుల్లలు అతని పిడికిట్లోనే విరిగాయి.

మాస్టారిని జీపులో వేసుకుని నేను కొండ దిగాను. నన్నెవరూ ఆపలేదు. ఆయన పోలీసులకి అన్నీ చెప్పారు. తలకి దెబ్బ తగిలి స్పృహలో లేని మనిషి మాట ఎలా నమ్మమంటారని కోర్టులో అడిగారు. రెండో సాక్షిని నేను. జీపు టైరు మార్చుకుంటూ దూరంగా ఉన్నానని చెప్పాను. ఊరువాళ్ళు శవాలు కాల్చేసి, ధర్మ తుపాకి పేలి ఇద్దరూ పోయారన్నారు. మూడేళ్ళకి కేసు కొట్టేశారు.

మాస్టారు బదిలీమీద మైదానానికి వెళ్ళిపోయారు. ఒక చెవి వినపడదు. గదిలో పదో తరగతి పుస్తకం వదిలేశారు. దానిలో ఒక పాఠం ఉంది. రెండు పరమాణువులు చెరొక ఎలక్ట్రాను మధ్యలో పెట్టి, అవి ఇద్దరివీ అన్నట్టు పంచుకుంటాయట. ఆ బంధం తొందరగా వీడదట. నిజమే. పాలగెడ్డ వాళ్ళు నా కొట్టుకి తప్ప ఎక్కడికీ పోరు. బేరం ఆడరు. నేను కల్తీ చెయ్యను. మంగ్లు వచ్చి చింతపండు దించి, నా కళ్ళలోకి చూడకుండా వెళ్ళిపోతాడు. నేనూ అతని కళ్ళలోకి చూడను.

గంగ ఒక్కతే రాదు. కొండ అవతలి సంతకి పొద్దంతా నడుస్తుంది. కిందటి వానాకాలంలో గెడ్డ దగ్గర ఎదురైతే జీపు ఆపాను. నెత్తిన మూట, తడిసిపోయింది.

"ఎక్కమ్మా, దింపేస్తాను."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. మూట ఒక పక్కనుంచి ఇంకో పక్కకి సర్దుకుంది.

"ఆ దినం ఒక్కపాలే మాటాడి ఊరుకునుంటే సాలును, సావుకారూ," అని గెడ్డలోకి దిగింది. నీళ్ళు మోకాళ్ళు దాటినా ఆగలేదు. అవతలి గట్టు ఎక్కేదాకా నేను జీపు కదపలేదు.