హెడ్‌ఫోన్లో ఆలస్యం

పొద్దస్తమానం ఆఫీసులో అందరి కంప్యూటర్లూ బాగు చేసి, సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ కంప్యూటరు ముందే కూర్చోవాలంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఆ ఇంటి కోడలికి మండే ఓపిక కూడా మిగల్లేదు. చెప్పులు విడిచి, చేతిసంచీ కుర్చీకి తగిలించి, ఉసూరుమంటూ వెనక గదిలోకి నడిచింది. మామగారు అప్పటికే హెడ్‌ఫోన్ మెడకి తగిలించుకుని, వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని తయారుగా ఉన్నారు.

"వచ్చావా అమ్మా. ముందు కాస్త కాఫీ తాగు," అన్నారు. ఆమె ఇంకా గుమ్మం దాటలేదు, "ఇవాళ తేలిపోతుందంటావా?" అని కూడా అన్నారు. ఇక కాఫీ ఏం తాగుతుంది!

అత్తగారు పాడటం, ఆవిడ వెనక మామగారు వయొలిన్ వాయించడం, వాళ్ళ కాపురం ఎంత పాతదో ఆ జోడీ అంత పాతది. పోయినేడు ఆయన ఎడమచేతి వేళ్ళకి వణుకు మొదలైంది. వేళ్ళకి రోజూ పని చెప్పండి, ఆపారంటే బిగుసుకుపోతాయి అన్నాడు డాక్టరు. బయట కచేరీలు తగ్గిపోయాయి గనక తమ పాటలన్నీ ఇంట్లోనే రికార్డు చేసి పెట్టుకుందామని మొగుడూ పెళ్ళాం తీర్మానించారు. గది ఇరుకు, మైకు ఒక్కటే. అందుకని అత్తగారు ముందుగా ఒక్కతే కూర్చుని పాడేసింది. ఇప్పుడాయన ఆ పాటని హెడ్‌ఫోన్లో వింటూ దాని మీద వయొలిన్ వాయించాలి.

అక్కడే వచ్చింది తంటా. రికార్డయిన వయొలిన్‌లో పేలాలు వేయిస్తున్నట్టు ఒకటే చిటపటలు. పాత కంప్యూటరు, శబ్దాన్ని అందుకోలేకపోతోంది. కోడలు సెట్టింగుల్లోకి వెళ్ళి, దానికి కాస్త ఊపిరాడేలా, శబ్దాన్ని పెద్దపెద్ద ముక్కలుగా నిదానంగా తీసుకొమ్మని ఒక అంకె పెంచింది. చిటపటలు పోయాయి గానీ, ఆయన వాయించింది ఆయన చెవికే ఆలస్యంగా చేరడం మొదలైంది. తన వయొలిన్ వినబడేదాకా చెయ్యి ఆగుతుంది, ఈలోగా పాట ముందుకెళ్ళిపోతుంది. మొదటిరోజు మామగారు రెండు చరణాలు వాయించి కమాను కింద పెట్టేశారు.

"నా చేతి పనైపోయిందమ్మా," అన్నారు.

కోడలు హెడ్‌ఫోన్ ఆయన చెవులకి పెట్టి మైకు ముందు చప్పట్లు కొట్టింది. చేతులు కలిసిన రెప్పపాటు తర్వాత గానీ చప్పుడు ఆయన చెవిలో పడలేదు. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది ఆ మనిషికి.

"అయితే ఇది కంప్యూటరు పనే. సరే, ఎన్నాళ్ళయినా కూర్చుంటాను. నా చేతిదే తప్పని తేలిన రోజు మాత్రం వయొలిన్ పెట్టె మూసేస్తాను, మళ్ళీ తెరవను," అన్నారు.

ఊరికే అనే మనిషి కాదాయన. సిగరెట్లు మానేస్తానని ఒక పొద్దున అన్నారు, మధ్యాహ్నానికి మానేశారు. ఆ సంగతి కోడలికి తెలుసు. ఎలాగైనా దీన్ని బాగు చెయ్యాలని భీష్మించుకుంది.

ఆ రోజు మొదలు ఇంటికి రాగానే ఇదే పని. వెనక చాటుగా నడుస్తున్న ప్రోగ్రాములన్నీ మూసేసింది. సరిగ్గా ఆయన కమాను ఎత్తే వేళకే లేచి ఇల్లంతా సోదా చేసే వైరస్ కాపలాదారుకి వేరే వేళ కేటాయించింది. మొగుడుగారు నింపిపెట్టిన సినిమాలు వేరే డ్రైవులోకి తరిమేసింది. ఆయనగారు గుమ్మంలో నిలబడి, "నా సినిమాలు భద్రమేనా?" అని అడిగాడే తప్ప, నడుం నొప్పిగా ఉందా అని అడిగిన పాపాన పోలేదు. అత్తగారి ధోరణి మరీ విడ్డూరం. పని కాస్త కుదురుతోందనగానే కూర తరగాలనో, పక్కింటావిడ వచ్చిందనో కోడల్ని కేకేస్తుంది. "ఆ డబ్బా బాగుపడేది కాదు, వదిలెయ్యవే," అని రోజుకోసారైనా అంటుంది. ఎవరి కోసం ఈ చాకిరీ అని కోడలికి లోపల చిర్రెత్తుకొచ్చేది.

కాఫీ తాగకుండా కూర్చున్న ఆ సాయంత్రం అసలు దొంగ దొరికాడు. కరెంటు పొదుపు చెయ్యమని ఎవరో ఏనాడో పెట్టిన సెట్టింగు ఒకటి మూల నక్కి ఉంది. దాని పుణ్యమా అని కంప్యూటరు సందు దొరికితే చాలు కునుకు తీస్తోంది. కోడలు దాని కునుకు వదలగొట్టి, పెంచిన అంకెని మళ్ళీ తగ్గించింది. చిటపటలు లేవు. తానే హెడ్‌ఫోన్ పెట్టుకుని చప్పట్లు కొట్టి చూసుకుంది. చప్పుడు చేతులతోపాటే వినబడింది. ఇన్నాళ్ళ అలసట మీద ఇంత నవ్వొచ్చింది ఆమెకి.

"వాయించండి మామయ్యా," అంది.

నిదానంగా సాగే పల్లవిలో వయొలిన్ పాటనంటుకునే వచ్చింది. చరణం మొదట్లోనూ అంతే. ఆ తర్వాత పాట పరుగందుకునే చోట వయొలిన్ వెనకబడింది. ఒకచోట కొద్దిగా, ఇంకోచోట ఎక్కువగా. మామగారు పూర్తిచేసి, చెమట తుడుచుకుని, "మొహం కడుక్కొస్తాను, విని పెట్టు," అంటూ బయటికి వెళ్ళారు.

కోడలు విన్నది. తెర మీద గొంతు గీతనీ వయొలిన్ గీతనీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూసింది. కంప్యూటరు ఆలస్యమైతే మొదటినుంచి చివరిదాకా ఒక్కలాగే ఉండాలి. ఇది వేళ్ళు వేగంగా కదలాల్సిన చోటే ఉంది. మళ్ళీ చప్పట్లు కొట్టి చూసింది. కంప్యూటరు నిక్షేపంలా ఉంది. పెట్టె మూసేస్తానన్న ఆయన మాట గుర్తొచ్చింది ఆమెకి.

అత్తగారు లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"బాగైపోయిందా?" అంది గొంతు తగ్గించి.

"అయింది అత్తయ్యా."

"ఎందుకు బాగుచేశావే?"

కోడలు కుర్చీ ఇటు తిప్పింది. అత్తగారు మంచం అంచున కూర్చుంది.

"ఆయన వెనకబడుతున్నారని నాకెప్పుడో తెలుసు. పక్కన కూర్చుని పాడేదాన్ని, ఆమాత్రం తెలియదా? కచేరీల్లో నేనే ఆయనకి అందేలా కాస్త ఆగి పాడేదాన్ని. ఇక్కడ ఒక్కదాన్నే కూర్చుని నా పాటికి నేను పాడేశాను. అది ఇప్పుడాయన కోసం ఆగదుగా. ఈ డబ్బా లేటని నువ్వు చెప్పిన రోజు నీ నోట్లో చక్కెర పోద్దామనిపించింది."

"ఇన్ని సాయంత్రాలు నా నడుం విరగ్గొట్టుకున్నాను. ఒక్క మాట నాతో అనొచ్చుగా," అంది కోడలు. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"అంటే నీ మొహం ఆయనకి చెప్పేసేది. నీకు దాచడం చేతకాదు, తల్లీ."

బయట కుళాయి కట్టేసిన చప్పుడైంది. ఆలోచించుకునే తీరిక లేదు. ఇన్నాళ్ళూ తిప్పలుపడి దించిన అంకెని కోడలు తన చేత్తోనే మళ్ళీ పైకి ఎక్కించింది. మామగారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు.

"ఏమ్మా, కుదిరిందా?"

"లేదు మామయ్యా. బాగైందనుకున్నాను గానీ, ఇంకా లేటే. మీరే వినండి."

హెడ్‌ఫోన్ ఆయనకి పెట్టి చప్పట్లు కొట్టింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. తల ఊపారు. పైకి కనబడకూడదనుకున్నారు గానీ, బిగబట్టిన ఊపిరి వదలడం ఆమెకి తెలిసింది.

"పోన్లే అమ్మా, దిగులు పడకు. అందరికీ అన్నీ రావాలని ఏముంది? మీ ఆఫీసులో బాగా తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే అడుగు. అడగడానికి సిగ్గుపడకూడదు," అన్నారు ఆప్యాయంగా.

ఆఫీసులో ఏ కంప్యూటరు మొండికేసినా అందరూ వచ్చేది ఆమె దగ్గరికే.

"అడుగుతాను మామయ్యా," అంది.

"ఈలోపు నా పాట చెరిపెయ్యవే," అంది అత్తగారు లేచి మైకు దగ్గరికి జరుగుతూ. "మళ్ళీ పాడతాను. ఆ డబ్బాకి అందడం లేదుగా పాపం, ఈసారి కాస్త ఆగి ఆగి పాడతాను."

మామగారు పడీపడీ నవ్వారు. "విన్నావా అమ్మాయ్? డబ్బా కోసం ఆగుతుందట మీ అత్తగారు. ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని వాయించాను, నా కోసం ఒక్కనాడైనా ఆగిందేమో అడుగు."

కోడలు తెర వైపు తిరిగిపోయింది. దాచడం చేతకాని మొహాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.

"మీరెప్పుడు వెనకబడ్డారు గనక," అంది అత్తగారు, గొంతు సవరించుకుని.

కోడలు పాత పాట చెరిపేసి, కొత్తది మొదలుపెట్టింది.