జుంబా గోడ

చర్చి గోడకు బొమ్మలేసిన జుంబా పోయిన కొన్నాళ్ళకే ఎన్నికలొచ్చాయి. ఫలితాలు రేడియోలో చెప్పిన మర్నాటికి సంతలో సగం కొట్లు బూడిదయ్యాయి. అన్నిటికంటే ముందు తగలబెట్టింది వంబుగు రంగుల కొట్టును. అతను కికుయు, గెలిచాడని ప్రకటించిన అధ్యక్షుడి తెగవాడు. పెళ్ళయిన కొత్తలో ఆ ఊరొచ్చి అక్కడే తల నెరిసినవాడు ఒక్క రాత్రిలో పరాయివాడైపోయాడు.

భార్య న్యాగుథీని వెంటబెట్టుకుని అతను, అబద్ధమూ ఆయుధమూ ముట్టని క్వేకర్ల చర్చికి పరిగెత్తుకొచ్చాడు. చర్చి తాళం జుంబా భార్య మినాయో దగ్గరుండేది. ఆమె మారుమాట్లాడకుండా ఇద్దర్నీ వేదిక వెనక చాపలూ డప్పులూ దాచుకునే గదిలోకి తోసి తలుపేసింది.

ఆ తలుపు పక్కనుంచే జుంబా బొమ్మలు మొదలయ్యేవి. చర్చి కట్టడానికి కొండ కిందనుంచి రాళ్ళు మోసిన ఊరి జనాన్నంతా అతను ఎర్రమన్నుతో, బొగ్గుతో, వంబుగు ఊరికే ఇచ్చిన రంగులతో గోడ పొడుగునా వేశాడు. అందరిదీ ఒకటే ఎత్తు. పాస్టరు ఒకసారి నొచ్చుకున్నాడు.

"ఏమయ్యా, చిలగడదుంపలమ్మే ముసల్దీ నేనూ ఒకటే ఎత్తా?"

"ఆవిడే పొడుగండీ. మీ పరువు కోసం కాస్త తగ్గించాను."

దేవుడి వెలుగు అందరిలోనూ ఉందని పెద్దలు చెప్పిన మాటను నోటితో చెప్పడం తనకు చేతకాదనేవాడు జుంబా. ఆదివారం పిల్లల్ని గోడ ముందు కూర్చోబెట్టి, భుజాన రాయితో నవ్వుతున్న వంబుగు బొమ్మను చూపించి, "ఈయనా మోశాడు. ఈయనా మనవాడే" అని మాత్రం చెప్పేవాడు.

మధ్యాహ్నానికి కత్తులు పట్టుకుని జనం వచ్చారు. ముందున్నది కిసియా. ఓట్ల లెక్కింపు గొడవల్లో కిసుము పట్నంలో పోలీసుల తూటాకు వాళ్ళన్న చనిపోయి రెండు రోజులైంది.

"అత్తా, మా అన్న శవం ఇంకా ఆస్పత్రిలోనే ఉంది. మాకు ఇవ్వం అంటున్నారు," అన్నాడు. "నువ్వు క్వేకరువి, అబద్ధమాడవు. వంబుగు ఇటొచ్చాడా?"

మినాయో అవునంటే అవును, కాదంటే కాదు అని బతికిన మనిషి. కాదనడానికి నాలుక తిరగలేదు. అవునంటే లోపల రెండు ప్రాణాలు.

"వీడిక్కడే ఉన్నాడుగా, పళ్ళికిలిస్తూ," అన్నాడు వెనకనుంచి ఒకడు. కత్తి ఎత్తి వంబుగు బొమ్మ మీదికి నడిచాడు.

తలుపుకి జానెడు దూరంలో ఉంది ఆ ముఖం. న్యాగుథీకి ఉబ్బసం. సంతనుంచి వస్తున్న పొగకు దగ్గు ఆగదని, అంత దగ్గరికొస్తే వినబడుతుందని మినాయోకు తెలుసు.

"ఆగు," అంది. "నా మొగుడు వేసింది. నేనే తీస్తాను. కత్తి ఇలా ఇవ్వు."

తలుపుకు భుజం ఆనించి నిలబడి, ముందు కళ్ళు గీకింది. తర్వాత నోరు. సున్నం పెళ్ళలు ఊడి పాదాల మీద పడ్డాయి. లోపల దగ్గు వినబడినట్టనిపించి ఇంకా గట్టిగా గీకింది. గోరు చిట్లి నెత్తురొచ్చినా ఆపలేదు. ఎవరూ నవ్వలేదు.

"చాలు అత్తా," అన్నాడు కిసియా చివరికి. కత్తి తీసుకుని, తల తిప్పుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళూ అతని వెనకే వెళ్ళారు.

పొద్దు వాలకముందే పాస్టరు లారీ తెచ్చాడు. వంబుగు బయటికొచ్చి, గోడవైపు ఒకసారి, ఆమె చేతులవైపు ఒకసారి చూసి లారీ ఎక్కాడు.

జుంబా సంవత్సరీకానికి అందరూ ఆ గోడ ముందే మౌనంగా కూర్చున్నారు. ఒక్కొక్కరే లేచి అతన్ని తలుచుకున్నారు. "దేవుడి దయవల్ల గోడ దక్కింది," అన్నాడు ఒక పెద్దాయన. మినాయో లేచి బయటికి నడిచింది. ఆ వారమే బస్సెక్కి, వంబుగువాళ్ళు తలదాచుకున్న నకూరు వెళ్ళింది.

ఆ పట్నం శివారున, ఇళ్ళు పోయినవాళ్ళ గుడారాల్లో వంబుగు దొరికాడు. ఆమె బొమ్మ సంగతి చెప్పబోతుంటే అడ్డుపడ్డాడు.

"తలుపు వెనక మాకంతా వినబడింది వదినా. నువ్వు మమ్మల్ని బతికించావు."

"అయితే రా. ఎవరిచేతైనా మళ్ళీ వేయిస్తాను."

"నువ్వు గీకుతుంటే చుట్టూ నిలబడ్డారే, వాళ్ళందరి గొంతులూ నాకు తెలుసు. వాళ్ళ ఇళ్ళకి రంగులు నేనే ఇచ్చాను. ఒక్కడైనా వద్దన్నాడా? ఇంకెవరి పక్కన నిలబడి రాయి మోస్తాను?"

న్యాగుథీ టీ ఇచ్చింది. ముగ్గురూ గుడారం ముందు కూర్చుని తాగారు.

తిరుగు బస్సులో ఆమె మొగుడి ముఖాన్ని తలుచుకోబోయింది. ఎంత ప్రయత్నించినా రాలేదు. తన చేతికింద పెళ్ళలుగా రాలిన వంబుగు బొమ్మ కళ్ళే వచ్చాయి.