రెండో సగం

నబీ దానియాల్ వీధిలో పాత పుస్తకాలమ్మే రగాయీ బాబాయ్‌కి ఒక దిక్కుమాలిన అలవాటుండేది. ఏ హత్యల నవలకైనా గిరాకీ పెరిగితే దాన్ని కత్తితో నడిమికి కోసేసి, సగం ఒకరికీ సగం ఇంకొకరికీ అద్దెకిచ్చేవాడు. "మీలో మీరు మార్చుకు చావండి, నా ప్రాణం తియ్యకండి" అనేవాడు. ఆ రోజుల్లో అలెగ్జాండ్రియాలో సగం స్నేహాలు, సగం తగాదాలు ఆ కత్తి పుణ్యమే.

ఇన్సాఫ్ పెళ్లీ దాని పుణ్యమే. లైట్‌హౌస్‌లో హత్య జరిగే నవల మొదటి సగం ఆమెకి దొరికింది. రెండో సగం వగ్దీ అనే బక్కపల్చటి యువకుడి దగ్గరుంది. వెళ్లి అడిగితే, "మా అన్నయ్య చదువుతున్నాడు, ఈలోగా కథ నేను చెప్తాగా" అన్నాడు. ట్రామ్ స్టేషన్ బెంచీ మీద వేయించిన పుచ్చగింజలు కొరుకుతూ ఆ కథని నెలల తరబడి సాగదీశాడు. ముగింపు విన్న రోజు ఇన్సాఫ్ ఏడ్చేసింది. ఎంత బాగుండేవో ఆ సాయంత్రాలు!

ఇప్పుడు వగ్దీకి మతిమరుపు ముదిరింది. బెంచీ సంగతి ఎత్తితే పరాయివాళ్లతో నవ్వినట్టు మర్యాదగా నవ్వుతాడు. ఆ కథ మళ్లీ వినిపిస్తే తను గుర్తొస్తుందేమోనని ఇన్సాఫ్ ఆశ. తీరా చూస్తే ముగింపు ఆమెకీ సరిగ్గా గుర్తులేదు. అందుకే ఫోన్ పట్టుకుని ఆ నవల మీద రాసిన సమీక్షలన్నీ వెతికింది. ఒకడు ఊపిరి బిగబట్టి చదివానన్నాడు. ఇంకొకావిడ ముగింపు మాత్రం చెప్పనని ఊరించింది.

"చెప్పనిదానికి నోరెందుకు తెరిచావమ్మా!" అని ఇన్సాఫ్ ఫోన్‌నే తిట్టింది.

చివరికి ఒక రిటైర్డు మేష్టారు కథంతా పూసగుచ్చినట్టు రాసింది దొరికింది. భర్త పక్కన కూర్చుని పైకి చదివింది. హంతకుడు పోస్ట్‌మాన్, పోలీసులు పట్టుకున్నారు, అయిపోయింది. దీనికా నేను ఏడ్చింది, అనుకుంది.

వగ్దీ టీ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. "తప్పు! ఎవడు రాశాడది? చంపింది ఓడ కెప్టెన్. డిటెక్టివ్ పుచ్చగింజల పొట్లం పట్టుకుని స్టేషన్‌లో నిలబడతాడు. ప్రతి ట్రామూ చూస్తాడు. వాడు ఎదురుచూసే పిల్ల ఆఖరి ట్రామ్ దిగుతుంది."

"పుస్తకంలో అలా లేదు వగ్దీ."

"పుస్తకం ఎవడు చూశాడు?" అతను గొంతు తగ్గించాడు. "నా సగం మొదటి రోజే ట్రామ్‌లో పారేసుకున్నా. అన్నయ్యా లేడు, గిన్నయ్యా లేడు. రోజూ కథ వినడానికొచ్చే ఆ పిల్లకి మాత్రం చెప్పకండి. తెలిస్తే రేపు రాదు."

ఇన్సాఫ్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ఇన్నేళ్లూ తనని ఎంత చక్కగా మోసం చేశాడు!

"చెప్పను. వస్తుందిలే" అంది.

అతను టీ తాగుతుంటే ఆమె మేష్టారి సమీక్ష కింద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది: "ముగింపు తప్పు రాశారు. చంపింది ఓడ కెప్టెన్. ఆ పిల్ల ట్రామ్ దిగింది."